తట్టి ఆగాలి

చెట్లు కూలుతున్నాయి.

ఒకటీ రెండూ కాదు... వరసకి వరస!

ఫెళఫెళమని వెనక నుంచి తరుముకొస్తోంది ఆ చప్పుడు. చీకట్లో పరుగెడుతున్న నర్సు అరికాళ్ల కింద నేల అదురుతోంది.

ఆమె వెనక్కి చూడదు. చూస్తే కాళ్లు ఆడవు.

చేతిలో టార్చి ఉంది. వెలిగించదు. భుజాన క్లినిక్ సంచి. అందులో కట్టుగుడ్డలు, కత్తెర, నొప్పి ఇంజెక్షన్, నీళ్ల బాటిల్. చీర కుచ్చిళ్లు మోకాళ్ల మీదికి దోపుకుంది. పిక్కలకి ముళ్లు గీరుకుంటున్నాయి. గీరుకోనీ.

తమ్ముడు బతికే ఉన్నాడా?

ఉంటే... ఏ చెట్టులో?

వెనక వస్తున్నవి రెండు బుల్డోజర్లు. రెంటి మధ్యా ఓడ లంగరుకి కట్టే ఇనుప గొలుసు. రెండూ సమానంగా కదిలితే చాలు, మధ్యలో ఉన్నదేదీ నిలబడదు. చెట్టు, పుట్ట, గూడు, గూట్లో కళ్లు తెరవని పిల్లలు... అన్నీ కలిపి ఒకటే ముద్ద. దాని మీద తెల్లగా జిగురు కారుతుంది. రెండో రోజుకి కంపు కొడుతుంది.

కంపెనీ వాళ్లు దీన్ని 'సైట్ క్లీనింగ్' అంటారు.

క్లీనింగట. ఛీ!

తెల్లారితే జడ్జిగారు వస్తున్నారు. ఇది అడవా, బీడా అన్నది స్వయంగా చూసి తేలుస్తారు. అడవి అయితే అడవి జనానిది. బీడు అయితే కంపెనీ పామాయిల్ తోటకి. అందుకే రాత్రికి రాత్రే ఈ హడావిడి. జడ్జిగారు వచ్చేసరికి బీడు తయారుగా ఉండాలి.

ఆ బీడు కింద తమ్ముడు కూడా ఉంటే కంపెనీకి ఇంకా మంచిది.

ఎందుకంటే తమ్ముడు చూశాడు.

మొన్న గొలుసుకి అడ్డంగా పెద్దమ్మ కూర్చుంది. అమ్మ పోయాక అక్కాతమ్ముళ్లని పెంచిన పెద్దమ్మ. కదలనంది. సెక్యూరిటీ ఆఫీసర్ దగ్గరికొచ్చి, నోట్లో పుల్ల తీసి, మళ్లీ పెట్టుకుని, కాల్చేశాడు. తర్వాత శవం మీదికి ఒక మాను దొర్లించారు. చెట్టు మీద పడి ముసలమ్మ చనిపోయిందని పోలీసులకి చెప్పారు.

కంపెనీ వాళ్లు కాక, కొమ్మల్లోంచి చూసింది తమ్ముడొక్కడే. దిగి పారిపోతుంటే పిక్కలో తూటా దిగింది. దారిలో ఎదురైన తేనె తీసే వాళ్లకి జరిగింది చెప్పి, కాలు ఈడ్చుకుంటూ అడవిలోకి పోయాడు; ఆ కబురు రాత్రికి నర్సుకి చేరింది.

అదే మధ్యాహ్నం ఆ ఆఫీసర్ క్లినిక్‌కి వచ్చాడు. పుల్లసారు అంటారు అతన్ని. పళ్లలో పుల్ల లేకుండా ఎవరూ చూడలేదు. పళ్లు కుట్టుకుంటాడు, తీసి వాసన చూస్తాడు, మళ్లీ కుట్టుకుంటాడు.

"నర్సమ్మా, తిన్నది అరగలేదు. గ్యాస్ మాత్ర ఉందా?"

ఇచ్చింది. నీళ్లు కూడా ఇచ్చింది. పెద్దమ్మ సంగతి అప్పటికి ఆమెకి తెలియదు. ఆ గ్లాసు తర్వాత ఎన్నిసార్లు తోమినా శుభ్రపడినట్టు అనిపించలేదు. చివరికి బయట పారేసింది.

పెద్ద మాను అడ్డొచ్చింది. నర్సు ఆగుతుంది. ఊపిరి బిగబట్టి, పిడికిలితో...

టక్. టక్.

చెవి ఆనిస్తుంది.

ఇది వాళ్ల పద్ధతి. తట్టకుండా ఏ చెట్టు మీదా గొడ్డలి వెయ్యరు. రెండుసార్లు తట్టాలి. చెవి ఆనించి ఆగాలి. గుడ్లగూబ ఉంటే మసులుతుంది. పాము ఉంటే జారుతుంది. ఏది ఉన్నా ఆ చెట్టు జోలికి పోరు. మనిషి ఉంటే మాత్రం తిరిగి తట్టాలి. పలక్కపోతే చెట్టు ఖాళీ అని లెక్క. చిన్నప్పుడు వాళ్ల దాగుడుమూతలు కూడా ఇదే. తమ్ముడు ఎప్పుడూ ఏదో ఒక తొర్రలోనే ఉండేవాడు. అందుకే వాడి పేరు ఉడత అయింది.

మానులో చప్పుడు లేదు. ఖాళీ.

ఇంకో చెట్టు. టక్. టక్.

ఖాళీ.

వెనక ఇంకో వరస కూలింది. నేల నుంచి దుమ్ము లేచి ముక్కులో దూరుతోంది. దుమ్ములో డీజిల్ వాసన. మొగుడి చొక్కా వాసన కూడా ఇదే.

ఆ రెండు బుల్డోజర్లలో ఎడమది నడుపుతున్నది ఆమె మొగుడే!

సాయంత్రం భోజనం దగ్గర అతనే చెప్పాడు. గట్టిగానే చెప్పాడు, అతనికి మెల్లగా మాట్లాడటం రాదు. ఏళ్ల తరబడి ఇంజన్ పక్కన కూర్చుని సగం చెవుడు వచ్చింది. ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి, రెండోసారి అరవాలి. అరిస్తే, ఎందుకే అరుస్తావ్ అంటాడు.

"మీ తమ్ముడు తొర్ర చెట్ల వైపు ఉన్నాడు. కాలు ఈడ్చిన జాడలు చూశాం. రాత్రికి అటే లాగుతున్నాం."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నేను పిలిస్తే రాడు. కంపెనీ మనిషినని వాడికి కోపం. నువ్వు పిలిస్తే వస్తాడు. వాగు దాటించెయ్. నా బండి నెమ్మదిగా నడుపుతాలే."

"ఎవరికైనా తెలిస్తే?"

"ఆఁ?"

"ఎవరికైనా తెలిస్తే నీ ఉద్యోగం పోతుంది కదయ్యా!"

"పోతే పోయింది. బావమరిది కదా."

చాన్నాళ్లకి మొగుడి మీద గౌరవం కలిగింది. ఇంకో మాంసం ముక్క వడ్డించింది. అతను ఎముక చీకి, వేళ్లు నాకి, తృప్తిగా లేచాడు.

ఇప్పుడా మాటే పట్టుకుని పరుగు.

టక్. టక్.

ఈసారి లోపల... ఏదో ఉంది!

చెవిని ఇంకా నొక్కుతుంది. సన్నగా మొదలై, బెరడంతా పాకుతూ, బుంయ్‌మని లేస్తోంది ఒక మోత.

నర్సు ఒక్క అడుగు వెనక్కి వేస్తుంది. చప్పుడు చెయ్యకుండా.

కందిరీగలు. పెద్దవి. తొర్ర నిండా.

టార్చి వెలిగించనందుకు బతికింది. రాత్రి పూట వాటికి వెలుగంటే పిచ్చి. దీపం ఎక్కడుంటే అక్కడికే వస్తాయి. తేనె తీసే వాళ్లు అమావాస్య చీకట్లో కూడా అగ్గిపుల్ల గియ్యరు. ఒకవేళ తుట్టె కదిలితే నేలకి కరుచుకుని పాకాలే గానీ పరుగెత్తకూడదు. ఇవన్నీ పెద్దమ్మ నేర్పినవే.

మునివేళ్ల మీద తప్పుకుంటుంది. నాలుగు బారల అవతల తీగలు అల్లుకున్న ఇంకో పాత మాను.

టక్. టక్.

ఆగింది.

గుండె కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. చెవి తియ్యబోయింది...

టక్. టక్.

లోపలి నుంచి!

తీగలు చీల్చుకుని తొర్రలోకి తల దూరుస్తుంది. కుళ్లిన చెక్క వాసన. దాంతో పాటు చీము వాసన. నర్సు ముక్కుకి ఆ వాసన బాగా తెలుసు.

"ఒరేయ్..."

"అక్కా." గొంతు ఎండిపోయి ఉంది. "నీళ్లున్నాయా?"

బాటిల్ నోటికి పెడుతుంది. గటగటా తాగేస్తున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. తడుముతూ కాలు చూసింది. పిక్క వాచి బిగిసిపోయింది. ఇంజెక్షన్ పొడిచి, గట్టిగా కట్టు చుడుతుంది.

"వాగు దాకా మోస్తాను. నోరు మూసుకుని మెడ పట్టుకో."

"మొయ్యలేవే అక్కా, బరువెక్కాను."

"తొర్రలో కూర్చుని ఏం తిని బరువెక్కావురా?"

తమ్ముడు నవ్వబోయి దగ్గుతాడు. తర్వాత అడుగుతాడు.

"నీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. ఒక్కదాన్నే."

"మరి సాయంత్రం తట్టింది నువ్వు కాదా?"

ఆమె కట్టు ముడి బిగించి, వాడి మొహం దగ్గరికి వంగింది.

"సాయంత్రం ఎవరు తట్టారు?"

"చీకటి పడుతుంటే ఎవరో తట్టారు. రెండుసార్లే. మన తట్టుడే. పలుకుదామని చెయ్యి ఎత్తాను. ఈలోపే పక్క చెట్టుకి వెళ్లిపోయాడు. అక్కడా అంతే. తట్టడం, వెళ్లిపోవడం. మనోళ్లైతే ఆగుతారు కదా. అనుమానం వచ్చి ఊరుకున్నాను."

తట్టడం తెలుసు.

ఆగడం తెలియదు.

అలా తట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. పెళ్లయిన కొత్తలో అతనికి నేర్పింది ఈ తమ్ముడే. కొత్త అల్లుడు ఎక్కడ తట్టినా ఆగేవాడు కాదు. ఆగినా అతని చెవికి ఏం వినిపిస్తుంది? 'బావా, ఇంటికొచ్చి తలుపు తట్టినా ఇలాగే వెళ్లిపోతావా?' అని ఊరంతా ఏడిపించేవారు. పెద్దమ్మ కూడా నవ్వేది. అల్లుడికి ముందు వడ్డించి, నవ్వేది.

సాయంత్రం ఇక్కడికొచ్చి వెతికాడు. దొరకలేదు. ఇంటికొచ్చి, అన్నం తిని, ఆమెని పంపాడు!

ఆ మాంసం ముక్క గుర్తొచ్చి నోట్లో పుల్లటి నీళ్లు ఊరాయి. పక్కకి తిరిగి ఉమ్మేస్తుంది.

అప్పుడే... గొలుసు ఆగిపోయింది.

అడవంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. దూరంగా ఒక్క ఇంజన్ మాత్రం ఊరికే గుడగుడమంటోంది. ఒకటి ఆగిపోతే రెండోది కదలదు. అంటే ఒక డ్రైవర్ దిగాడు.

ఎవరో ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"కదలకు," అంటుంది తమ్ముడి చెవిలో. "నేను పిలిచేదాకా ఊపిరి కూడా గట్టిగా పీల్చకు."

బయటికొస్తుంది. తీగలు మళ్లీ తొర్ర మీదికి లాగుతుంది. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. వంగి వంగి పక్కకి జరుగుతుంది. ఇంకొంచెం... ఇంకొంచెం...

వెలుగు!

కళ్లలో కత్తి గుచ్చినట్టు తెల్లటి వెలుగు మొహం మీద పడింది.

"అదుగో మన నర్సమ్మ."

పుల్లసారు. నుదుటికి బెల్టుతో బిగించిన లైటు. చేతిలో పిస్టల్. నోట్లో పుల్ల. వెనక టార్చి పట్టుకుని మొగుడు.

గార్డులెవరూ లేరు. పెద్దమ్మని చంపినప్పుడు చూసినవాడొకడు మిగిలాడు కదా. మళ్లీ ఆ తప్పు చెయ్యదల్చుకోలేదు సారు.

"ఎక్కడే?" అంటాడు మొగుడు.

ఆమె వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

"చెప్పవే. వాడికేం కాదు. ఆస్పత్రికి తీసుకెళ్లి, ఏమీ చూడలేదని సంతకం పెట్టించుకుని వదిలేస్తారు. సార్ మాటిచ్చారు. నన్ను సూపర్‌వైజర్ని చేస్తున్నారు. పెద్ద క్వార్టర్ ఇస్తారు. మనకి మంచిదే కదా."

'మనకి' అట.

ఎనిమిదేళ్లు ఒకే కంచం, ఒకే మంచం. ఇప్పుడా మొహం చూస్తుంటే, అన్నంలో బల్లి కనిపించినట్టుంది.

"పెద్దమ్మకి కూడా మాటిచ్చారా?" అంటుంది.

"ఆఁ?"

పుల్లసారు నవ్వుతాడు. పుల్ల తీసి వాసన చూస్తాడు. "టైమ్ లేదు నర్సమ్మా. చెప్పకపోతే నిన్ను కూడా గొలుసు ముందు కూర్చోబెట్టాల్సి వస్తుంది. వాడెలాగూ ఇక్కడే ఉన్నాడు, ఎలాగూ పోతాడు. చెప్తే బతికే చాన్సుంది."

ఆమె కూలబడుతుంది. ఏడుస్తుంది. ఏడుపు కోసం నటించక్కర్లేదు, గొంతులోనే ఉంది.

"చంపనని ఒట్టెయ్యండి సార్."

"నా పిల్లల మీద ఒట్టు."

ఆ మాట అంటూనే బొటనవేలితో పిస్టల్ లాక్ తీశాడు. టిక్‌మని వినిపించింది. ఆమెకి వినిపించింది. మొగుడికి వినిపించలేదు. వినిపించినా ఏమీ అనేవాడు కాదు.

లేచి, తడబడుతూ నడుస్తుంది.

తీగల మాను దాటింది. తల తిప్పలేదు. దాని లోపల తమ్ముడు ఊపిరి బిగబట్టి ఉంటాడు. నాలుగు బారలు దాటి, నల్లటి మాను ముందు ఆగింది.

"ఇందులో."

"తట్టు," అంటాడు మొగుడు. "పలుకుతాడు. వీళ్ల పద్ధతి నాకు తెలుసు సార్. ఉంటే పలకాల్సిందే."

టక్. టక్.

ఆగింది.

లోపల మోత లేస్తోంది.

మొగుడు టార్చి చంకలో పెట్టుకుని బెరడుకి చెంప ఆనిస్తాడు. నర్సు ఊపిరి తియ్యదు. ఆ చెవికి మోత వినబడదు. చెంపకి అదురు మాత్రం తెలుస్తుంది...

"ఉన్నాడు సార్. లోపల కదుల్తున్నాడు."

పుల్లసారు తల వంచి వింటాడు. "ఏంటా మూలుగు?"

"కాలికి చీము పట్టింది సార్," అంటుంది నర్సు. "జ్వరం. ఇంజెక్షన్ ఇచ్చాను. మత్తులో ఉన్నాడు."

"మంచి పని చేశావు తల్లీ."

ఆమెని మోచేత్తో పక్కకి నెట్టేస్తాడు. అదే కావాల్సింది ఆమెకి. పడిపోయినట్టే పడి, నేలకి కరుచుకుపోతుంది.

పుల్లసారు తొర్ర మీదికి వంగాడు. నుదుటి లైటు సూటిగా లోపలికి. పిస్టల్ కూడా లోపలికి.

పిలవలేదు. బయటికి రమ్మనలేదు. పిల్లల మీద వేసిన ఒట్టు గాల్లో ఇంకా ఆరనే లేదు...

ఢాం! ఢాం!

ఒక్క క్షణం ఏమీ లేదు.

తర్వాత తొర్ర పగిలినట్టు బయటికొచ్చాయి!

వెలుగు మీదికి. నుదుటి మీదికి. కళ్ల మీదికి!

పుల్లసారు అరుపు మనిషి అరుపులా లేదు. లైటు పీక్కోబోయాడు. బెల్టు బిగుసుకుంది. పీకే చేతుల మీదా అవే. అరవడానికి తెరిచిన నోట్లోకీ అవే. గిరగిరా తిరుగుతున్నాడు, ఎటు తిరిగితే అటు వెలుగు, వెలుగుతో పాటే అవీ.

మొగుడు టార్చి విసిరేశాడు. బోర్లా పడ్డాడు. అతనికి తెలుసు మరి. ఆ ఇంటి అన్నం ఎనిమిదేళ్లు తిన్నాడు.

నర్సు అప్పటికే పాకుతోంది. మెడ మీద నిప్పు పెట్టినట్టు ఒక కాటు. పళ్లు బిగించి పాకుతోంది. తీగలు... చెక్క... తొర్ర!

లోపలికి దూరి, చీర చెంగు విప్పి సందు మూసేస్తుంది. తమ్ముడి వేడి చెయ్యి ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకుంటుంది.

బయట రాయికి కొట్టుకుని గాజు పగిలిన చప్పుడు. లైటు ఆరిపోయింది. చీకటి.

"డ్రైవర్... ఒరేయ్ డ్రైవర్..." నాలుక వాచి మాట ముద్దగా వస్తోంది. "కనబడటం లేదురా. ఎక్కడ చచ్చావ్? వాడు బయటికొచ్చాడా?"

జవాబు లేదు.

ఢాం! ఎటో కాల్చాడు. కొమ్మ విరిగింది.

ఢాం! ఇంకో వైపు.

భయం పట్టింది అతనికి. మొహం వాచి కళ్లు పూడుకుపోయాయి. ఆకు కదిలితే కాలుస్తున్నాడు.

ఆమె తమ్ముడి తల పొట్టకి అదుముకుంటుంది. ఇంకాసేపు. తెల్లారేదాకా. గొలుసు కదలదు. దాన్ని కదిలించేవాడు ఎక్కడో ఇక్కడే నేల మీద పడున్నాడు.

సర్... సర్... ఎండుటాకుల మీద ఏదో పాకుతోంది. దగ్గరికి. ఇంకా దగ్గరికి.

చెక్క అవతల ఆగింది.

మూలుగు. డీజిల్ వాసన.

అతనే!

తొర్ర కోసం వెతుక్కుంటూ వచ్చాడు. దూరి దాక్కోవాలి. నోరెత్తి పిలిస్తే పుల్లసారు కాలుస్తాడని భయం. అందుకని...

టక్. టక్.

ఆమె చెవి పక్కనే.

టక్. టక్.

ఈసారి వెళ్లిపోలేదు. బెరడుకి చెంప ఆనించిన రాపిడి వినిపించింది. బరువుగా ఊపిరి. ఎదురుచూస్తున్నాడు.

పెళ్లయ్యాక మొదటిసారి... తట్టి ఆగాడు!

తమ్ముడి చెయ్యి పైకి లేచింది. తట్టడానికి. ఎవరు తట్టినా, ఆగితే, పలకాలి. పుట్టినప్పటి నుంచి అదే నేర్చుకున్నారు.

నర్సు ఆ చెయ్యి పట్టుకుంది. కిందికి దించింది. ఇంకో చేత్తో వాడి నోరు మూసింది.

"ఎవర్రా అది?" దూరం నుంచి పుల్లసారు. "ఎవరు తడుతున్నది? పలక్కపోతే కాల్చేస్తా."

ఇంజన్ల పక్కన అరిగిపోయిన చెవులు. వాటి నిండా వాపు. మొగుడికి ఆ మాట చేరలేదు. అతను చెక్క వైపే చెవి పెట్టి ఉన్నాడు. లోపలి నుంచి వచ్చే జవాబు కోసం.

మళ్లీ తట్టాడు. మెల్లగా. బతిమాలుతున్నట్టు.

టక్...

ఢాం!

బెరడు మీద ఏదో బరువుగా జారింది. చీర చెంగు తడిసింది. వెచ్చగా.

క్లిక్.

క్లిక్. క్లిక్.

పిస్టల్ ఖాళీ. పుల్లసారు గొణుగుతూ ఎటో తడుముకుంటూ వెళ్తున్నాడు. చెట్టుకి గుద్దుకున్నాడు. పడ్డాడు. లేవలేదు.

నర్సు చెయ్యి వదిలింది. తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు.

"బావే కదక్కా," అన్నాడు. "ఆగాడు కూడా. పలకాల్సింది."

నర్సు చీర చెంగు చివరని పిండింది. చెయ్యి తమ్ముడి కట్టుకి తగలకుండా నేలకి రాసుకుంది.

"లోపల ఎవరూ లేర్రా," అంది.